చక్రాలు దిగినయా అన్నా

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. కేతేపల్లిలో మా అవ్వ తాయెత్తు కడితే, ఆమె అటు తిరగగానే విప్పి పారేసేవాణ్ని. తర్వాత వాయుసేనలో పైలట్‌నై, కొత్తవాళ్లకు నేర్పే పనిలో ఉన్నాను. ఇది భయంతో రాయడం లేదు. కోపంతో రాస్తున్నాను.

శామ్యూల్‌ది జడ్చర్ల. నాకంటే రెండేళ్లు చిన్న. వాళ్లమ్మ కూలికి పోయి చదివించింది. మా దళంలో తెలుగువాళ్లం మేమిద్దరమే.

చెక్‌లిస్ట్ అంటే తొడకు కట్టుకునే చిన్న కార్డుల పుస్తకం. ఒకరు చదవాలి, ఇంకొకరు కళ్లతో చూసి జవాబు చెప్పాలి. కొన్నేళ్లు ఎగిరాక అది అందరికీ నోటికొస్తుంది. కన్ను చూడకముందే నోరు "అయింది" అనేస్తుంది. శామ్యూల్ అలా కాదు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటి వరుస నుంచి చదివేవాడు. "ఎక్కాలు మరిచిన పోరగానివా నువ్వు" అని నేనే ఏడిపించాను. మేమిద్దరమే ఎగిరినప్పుడు, దిగే ముందు ఇంగ్లీషు వదిలేసి "చక్రాలు దిగినయా అన్నా?" అనేవాడు.

ఒకరోజు ఒంటరిగా ఎగిరాడు. విమానం కూలింది, మనిషి దక్కలేదు. పైలట్ చెక్‌లిస్ట్ పాటించలేదని విచారణలో రాశారు. ఇంజన్‌లో లోపముందేమో తేల్చడం కష్టం, చచ్చినవాడి మీదికి నెట్టడం సులువు. ఆ కాగితం చదివితే నాకు ఒళ్లు మండిపోయింది.

ఏడు నెలల తర్వాత, మిట్టమధ్యాహ్నం, ఒక పంజాబీ శిక్షణ పైలట్‌తో దిగడానికి వస్తున్నాను. అతను ముందు సీట్లో చెక్‌లిస్ట్ చదువుతున్నాడు. మధ్యలో టవర్ వాళ్లు పిలిచారు. మాట్లాడాక ఆపిన చోట కాకుండా ఒక వరుస కింద అందుకున్నాం. అతను గమనించలేదు, నేనూ గమనించలేదు. నేర్పేవాణ్ని నేను కాబట్టి తప్పు నాదే.

అప్పుడు హెడ్‌ఫోన్‌లో శామ్యూల్ గొంతు వినిపించింది. "చక్రాలు దిగినయా అన్నా?"

అలవాటుగా, చక్రాలు దిగితే వెలిగే దీపాల వైపు చూశాను. మూడింటిలో ఒక్క పచ్చ దీపం కూడా వెలగలేదు. "దిగలే" అన్నాను. వెంటనే విమానాన్ని పైకి లేపాను. చక్రాలు దింపడం మరిస్తే హెచ్చరిక హారన్ మోగుతుంది, ఆ దశ ఇంకా రాలేదు.

నేల మీదికి వచ్చాక పంజాబీ పైలట్ హిందీలో అడిగాడు, "'దిగినయా' అంటే ఏమిటి సార్?" అతనికి తెలుగు ఒక్క ముక్క రాదు.

విమానంలో మా మాటల రికార్డింగ్ రెండుసార్లు విన్నాను. టవర్ మాటలున్నాయి. "దిగలే" అన్న నా గొంతు ఉంది. ఆ ప్రశ్న మాత్రం లేదు.

ఉన్నదున్నట్టు రిపోర్టులో రాశాను. పై అధికారి ఆ పేరా కొట్టేసి, అలసట వల్ల అలా అనిపించిందని రాయించాడు. ఇద్దరికి ఒకే మాట వినిపించే అలసట ఎక్కడుంటుందో ఆయనే చెప్పాలి.

జడ్చర్ల వెళ్లి శామ్యూల్ అమ్మకు చెప్పాను. ఆమె ఏడవలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా? నా కొడుకు ఎసుంటోడో నాకు తెల్వదా? గా కాయితం రాసినోళ్లకు చెప్పు."

"చెప్పినమ్మా. కొట్టేసిండ్రు."

"మరి నువ్వు ఊకున్నవా?"

ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఆమె అడిగినదానికి మాత్రం జవాబు నాకు తెలుసు. ఊరుకున్నాను. ఉద్యోగం పోతుందని ఊరుకున్నాను.