పలుపులు కోసిన సాయిబు

రాజోలు మార్కెట్టు వెనక సందులో బుడేసాహెబు మాంసం కొట్టు ఉండేది. తండ్రి పోయాక, డెబ్భైల మొదట్లో, కత్తి అతని చేతికొచ్చింది. అప్పటికింకా కుర్రతనం వదల్లేదు. ఆదివారం చర్చి విడిచేసరికి మాంసం సిద్ధంగా ఉండాలి, అంతే అతని ఆలోచన.

ఒక ఆదివారం పొద్దున్న మేకను పడుకోబెట్టి, మోకాలితో అదిమిపెట్టి, దాని కళ్ళ ముందే కత్తి నూరుతున్నాడు. మసీదులో నమాజు చేయించే హజ్రత్ గారు అటుగా వెళ్తూ ఆగారు.

“దాన్ని ఎన్నిసార్లు చంపుతావు నాయనా? కత్తి చూపించి ఒకసారి, కోసి ఒకసారీనా?”

ఇది తన మాట కాదనీ, ఇలాగే చేస్తున్న ఒకతన్ని ప్రవక్త అడిగిన మాటనీ చెప్పి వెళ్ళిపోయారు. గొంతు కూడా పెంచలేదు. బుడేసాహెబుకు ఆ రోజంతా అదే చెవిలో తిరిగింది. సాయంత్రం వెళ్ళి, ప్రవక్త ఇంకేం చెప్పారని అడిగాడు. దాహంతో మట్టి నాకుతున్న కుక్కకు, బావిలోకి దిగి తోలు బూటులో నీళ్ళు తెచ్చి తాగించినవాడి పాపాలు మాఫీ అయ్యాయట. పిల్లిని కట్టేసి, తిండి పెట్టకుండా, విడిచీ పెట్టకుండా చంపిన ఆడమనిషి నరకానికి పోయిందట.

మర్నాడే పెరట్లో తాటాకు దడి కట్టాడు. ఒకదాన్ని కోసేటప్పుడు మరొకటి చూడకూడదు. కత్తి ఇంట్లోనే నూరుకొచ్చేవాడు. ముందు కడుపునిండా నీళ్ళు తాగించేవాడు. చచ్చేదానికి మర్యాదలేమిటని కొనేవాళ్ళు నవ్వేవారు. అతనూ నవ్వేసి ఊరుకునేవాడు.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి పొంగింది. బక్రీదు రోజులు. ఏటిగట్టుకు గండి పడిందనగానే జనం మూటాముల్లే పట్టుకుని, మిగిలిన గట్టు మీదికి ఎక్కారు. బుడేసాహెబు కూడా భార్య జైతూన్‌బీనీ, పండక్కి కొన్న మేకల్నీ గట్టెక్కించాడు. కింద ఊరివాళ్ళ పాకల్లో కట్టేసి ఉన్న గొడ్లు అరుస్తున్నాయి. నీళ్ళు వాటి పొట్టల దాకా వచ్చేశాయి. అతను కత్తి నడుముకు దోపుకుని దిగబోతుంటే పొరుగింటి మరియమ్మ ఆపింది.

“రోజూ గొంతులు కోసే చేతులే కదండీ మీయి. ఎవరియో గొడ్ల కోసం మీరు ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?”

“కోసేటప్పుడు దేవుడి పేరు చెప్పుకుంటానమ్మా. కట్టేసి ముంచేస్తే ఏం చెప్పుకోను?”

ఛాతీ లోతు నీళ్ళలో పాకపాకకీ వెళ్ళి పలుపులు కోశాడు. విడిపించిన గొడ్లు చాలావరకు ఈదుకుంటూ గట్టు చేరాయి. ఆ పాకల్లోనే ఒకటి ఉన్న బుచ్చిరాజు ఎద్దు మాత్రం నీళ్ళ ఉరవడికి చిక్కి, అతను చూస్తుండగానే కొట్టుకుపోయింది.

బుచ్చిరాజు అప్పుడు అమలాపురంలో ఉన్నాడు. నీళ్ళు తీశాక వచ్చి, తన ఎద్దును ఎవరు విప్పమన్నారని నిలదీశాడు. గట్టున ఉన్నవాళ్ళు సర్దిచెప్పబోయారు. బుడేసాహెబు వాళ్ళను ఆగమన్నాడు.

“కోసింది నేనేనండి రాజుగారూ. రండి, వెతుకుదాం.”

ఇద్దరూ లంకలన్నీ తిరిగారు. మేట వేసిన ఇసకలో, పడిపోయిన అరటితోటల్లో, కనిపించిన ప్రతివాళ్ళనీ అడిగారు. మొదట్లో బుచ్చిరాజు ముందు నడిచేవాడు, మాట కలిపేవాడు కాదు. తర్వాత ఒకే చెట్టు కింద కూర్చుని జైతూన్‌బీ కట్టిచ్చిన రొట్టెలు తిన్నారు. ఎద్దు దొరకలేదు.

తిరిగొచ్చేటప్పుడు రేవులో పడవ కోసం కూర్చున్నారు. అప్పుడన్నాడు బుచ్చిరాజు.

“కట్టే ఉంటే పాకతోపాటే పోయేదండి. ఇప్పుడక్కడ పాకే లేదు.”

“ఆయ్,” అన్నాడు బుడేసాహెబు. నీళ్ళలో పైకి లేచి మునిగిన ఆ కొమ్ములు అతనికి చాలాకాలం గుర్తొచ్చేవి.

మరుసటి వానాకాలం నుంచి బుచ్చిరాజు గొడ్లను, గట్టిగా లాగితే ఊడిపోయే జారుముడితోనే కట్టేవాడు. చుట్టుపక్కల పాకల వాళ్ళకూ ఆ ముడి తనే వేసి చూపించాడు.