హవల్లీలో కోసేసిన రింగు

మా చిన్నప్పుడు... కువైట్‌లోని హవల్లీలో మా బిల్డింగ్ వెనక ఒక బాస్కెట్‌బాల్ రింగు ఉండేది. మొన్న దాన్ని కోయించేసినవాడు బిల్డింగ్ ఓనరు. ఆ చోటును కార్లకు అద్దెకు తీసుకున్నది మాత్రం మన తెలుగు పెద్దలే. పేర్లు రాయను... చదివితే వాళ్ళకే తెలుస్తుంది.

ఆ రింగు కింద మాకు ఒక దేశం ఉండేది. నవ్వకండి.

పక్క ఫ్లాటులో గోవా ఆంటీ ఉండేవారు. పుట్టింది మొజాంబిక్‌లో, పెరిగింది గోవాలో, బతుకు కువైట్‌లో. ఒక చలికాలం గోవాలో పోర్చుగీసు మాట్లాడే దేశాలకు ఆటల పోటీలు జరిగాయి. ఆంటీ లాప్‌టాప్‌లో బాస్కెట్‌బాల్ పెడితే పిల్లలమంతా చాప పరుచుకుని చూశాం. ఆఫ్రికా వాళ్ళు, మకావ్ వాళ్ళు, గోవా వాళ్ళు...

"మీరు ఎవరి పక్షం ఆంటీ?" అని అడిగాను.

"సబ్ అప్నే హైఁ, బేటా."

అందరూ మనవాళ్ళేనట!

నా బుర్ర వెలిగింది. ఒక భాష వాళ్ళు సముద్రాలు దాటి వచ్చి ఆడుకుంటుంటే, ఒకే కొట్లో కరివేపాకు కొనుక్కునే కడప, కోనసీమ ఎందుకు ఆడుకోకూడదు?

అలా మొదలైంది మా శుక్రవారం పోటీ. కడప టీములో రెడ్డెప్ప అన్న... మిష్రిఫ్‌లో ఒక ఇంటి డ్రైవరు, వారానికి ఆ ఒక్క పూటే సెలవు. కోనసీమకు సత్తిబాబు గారు, షువైఖ్‌లో మెకానిక్. ఏ టీముకు మనిషి తక్కువైతే అందులో మేం పిల్లలం.

రెడ్డెప్ప అన్న బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేవాడు.

"ఆయ్! అది బంతండీ బాబూ, బియ్యం మూట కాదు! కింద కొట్టండి!" అని సత్తిబాబు గారు అరిచేవారు.

"నువ్వు గమ్మునుండబ్బా! మామా ఫోన్ జేసేలోపల ఒక్కటన్నా ఎయ్యనీ!"

మామా అంటే ఆయన పనిచేసే ఇంటి యజమానురాలు. ఫోను వచ్చేది... బంతి వదిలేసి పరిగెత్తేవాడు.

ఒక శుక్రవారం వేశాడు! కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఎదుటి టీములో ఉండి కూడా సత్తిబాబు గారే ఆయన్ని భుజాల మీదకు ఎత్తుకున్నారు. ఆ కేకల్లో మామా ఫోను ఎవరికీ వినిపించలేదు.

మరుసటి వారం ఆయన రాలేదు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన ఆ ఇంటి యజమాని, ఆయన ఇఖామా... ఇక్కడ ఉండే అనుమతి... రద్దు చేసి ఊరికి పంపేశాడు. ఒక్క ఫోను ఎత్తనందుకు! ఏ పుస్తకంలో ఉంది ఈ న్యాయం? ఆ తర్వాత పెద్దవాళ్ళు ఒక్కొక్కరే ఆటకు రావడం మానేశారు. మిగిలింది ఆ రింగే... ఇప్పుడు అదీ లేదు.

మొన్న ఈ రింగు గురించి అడుగుదాం పదమని నాన్నతో గొడవపడ్డాను. "గమ్మునుండు నాయనా, మన ఇఖామా మీదికొస్తాది" అన్నాడు. ఎవరిని అడిగినా అదే మాట. భయపడేవాళ్ళను తిట్టలేను... తిట్టకుండానూ ఉండలేను. ఇప్పుడు ఆ బిల్డింగులో పిల్లలున్నారు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. లిఫ్టులో ఫోన్లు చూసుకుంటూ దిగిపోతారు.

రింగు తిరిగి రాదు. ఓనరు మారడు. గుంపుగా అరిస్తే విమానం ఎక్కిస్తారు... తెలుసు. అరవమని అడగడం లేదు. అక్కడ కార్లు పెట్టుకున్న పెద్దలారా, ఒక్క గంట మీ కార్లు మీరే పక్కకు తీయండి. పిల్లల్ని కిందికి పంపండి. అంతే.

మీరు ఆడుకున్న చోట ఇప్పుడు ఏముందో కింద రాయండి. రాసి ఊరుకోకండి... ఈ శుక్రవారం, సాయంత్రం నాలుగు గంటలకు, వెనక గేటు దగ్గర. ఎవరైనా వస్తారన్న నమ్మకం నాకు లేదు. బంతి మాత్రం తెస్తాను.