మా బావ కొలిచిన వాన

ఉదయగిరి నుంచి వచ్చిన మనిషి ఆత్మకూరులో మా అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు పక్కన పెట్టి చెప్పాడు. "మీ బావ పోయినాడయ్యా." వానలు పడ్డాక ఊరూరా తిరుగుతున్న జ్వరమే. కరువంతా తట్టుకున్న మనిషి, చేలు పచ్చబడ్డాక పోయాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇంకో నాలుగు పంటలు చూసి పోతే ఆయన సొమ్మేం పోయేది?

బావ ఉదయగిరి తాలూకా కచేరీలో గుమాస్తా. కచేరీ ఆవరణలో పాతిన వానపాత్రను చూసుకోవడం ఆయన పని. పొద్దున్నే అందులో పడిన నీటిని గీతలున్న గాజు గ్లాసులోకి వంచి, కంటికి ఎదురుగా ఎత్తి పట్టి, అంగుళాల్లో, అంగుళంలో నూరో వంతైన సెంట్లలో లెక్క చెప్పేవాడు. ఆ లెక్క నెల్లూరికి పోయేది. ఇంటికొస్తే మా అక్క ఊరుకొనేదా?

"ఆ సెంట్లు నాకెందుకు? జొన్న విత్తడానికి చేను పదునయిందా లేదా, అది చెప్పు."

"అది మీ నాయన్ని అడుగు. నా గ్లాసు మీద పదునుకు గీత లేదు."

తుంపర, జల్లు, ముసురు, జడి అని మేము ఎన్ని పేర్లు పెట్టుకున్నా ఆయనకు అన్నీ సెంట్లే. "కొలిచేవాడు ఆశపడగూడదురా" అని నాకు బుద్ధులు చెప్పేవాడు. పైకి సరేననేవాణ్ణి. పడమట మబ్బు కనిపిస్తే పంచె ఎగగట్టి మిట్ట మీదికి పరుగెత్తేది ఎవరో మాకు తెలియదా?

కరువు రెండో ఏడు అక్కను చూడటానికి వెళ్ళాను. కచేరీ ఎదుటే సర్కారు పెట్టిన గంజి కొట్టం ఉండేది. ఊళ్ళో సగం మంది ప్రాణాలు ఆ గంజి మీదే. ఒక్క మంచి వాన లెక్కకెక్కితే చాలు, కొట్టం మూసి జనాన్ని చేలకు పంపమని పైనుంచి హుకుం వచ్చి ఉంది.

ఆ రాత్రి దుర్గం కొండ మీద ఉరిమింది. తెల్లవారి బావ వెంట నేనూ వెళ్ళాను. పాత్రలో నీళ్ళున్నాయి. "వచ్చిందిరా" అని కేక వేశాడు. గ్లాసులోకి వంచి ఎత్తి పట్టాడు. నీళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. అడుగున వేపాకు.

ముందురోజు ఆడవాళ్ళు రోకలికి వేపాకుతో కప్పను కట్టి, వాన కోసం పసుపునీళ్ళు పోయించుకుంటూ ఇల్లిల్లూ తిరిగారు. పోతూ పోతూ ఈ పాత్రలోనూ పోశారు. గంజి వరసలో ఉన్న ఒక అవ్వ దాచకుండా చెప్పింది. "ఎండిన పాత్రలోకి వాన యాడొస్తాది సామీ? ముందు మేము కాసిన్ని పోస్తే గదా అది పైనుంచి పిలిచేది."

బావులు ఎండిన ఊళ్ళో అవి తాగడానికి ఉంచుకున్న నీళ్ళు.

బావకు పైవాడైన పెద్ద గుమాస్తా పట్టుబట్టాడు. "పాత్రలో ఉన్నది రాయవయ్యా. అది అబద్ధం చెప్పదు గదా."

ఉద్యోగం పోతే అక్కా పిల్లలూ ఆ గంజి వరసలోకే. బావకు అది తెలుసు. అయినా తగ్గలేదు. "చెప్పదు. కానీ వానేదో మొక్కుబడేదో దానికి తెలీదు, నాకు తెలుసు" అని సున్న రాశాడు. కొట్టం నిలిచింది. ఆయన మీద నాకు అంత గౌరవం అంతకు ముందెప్పుడూ కలగలేదు.

ఆ ఏడే స్వాతి కార్తెలో, నేను మళ్ళీ అక్క ఇంట ఉండగానే, నిజం వాన దిగింది. తెల్లవారేసరికి పాత్ర నిండుగా ఉంది, ఇంకా కురుస్తూనే ఉంది. గ్లాసు చిన్నది, నింపడం, లెక్కపెట్టడం, పారబోయడం. గంజి వరస వరసంతా తడుస్తూ వచ్చి చుట్టూ నిలబడి, ఆయనతో పాటు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకరు నాలుగంటే ఒకరు ఆరంటారు. ఆ గోలలో బావ ఆగిపోయాడు.

"ఎంతొచ్చింది సామీ?" అంది అవ్వ.

"లెక్క తప్పినాను అవ్వా."

పారబోసిన నీళ్ళను మళ్ళీ కొలిచేదెట్లా? ఆ పొద్దు నెల్లూరికి ఏం రాశాడో నేను అడగలేదు. గ్లాసు పట్టుకొని అట్లాగే నిలబడి, తలెత్తి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆయన చేతిలో ఆ గ్లాసు తనంతట తానే నిండుతూ ఉంది.