దేవరాజన్ బండి ముక్కు

ధర్మపురి బస్టాండు దగ్గర పాత్రల అంగడి నడిపే దేవరాజన్‌కు ఒక అలవాటు ఉండేది. ఏ వస్తువు చెడినా దాన్ని మనిషి కింద జమకట్టి మాట్లాడేవాడు. అంగడిలో ఫ్యాను కీచుమంటే దానికి దగ్గు పట్టిందనేవాడు. తక్కెడ ఒకవైపు ఒరిగితే మోకాలినొప్పి అనేవాడు. ఇంట్లో గ్రైండరు ఆగిపోయిన రోజున, “పాపం, నిన్నట్నుంచే దానికి ఒంట్లో బాగలేదు” అన్నాడు. పిండి రుబ్బుకోవలసిన భార్య కమలవేణి, “నాకూ బాగలేదు. నన్నెవరూ అడగలేదు” అంది.

తన ఒంటి సంగతి మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. జ్వరమొస్తే మిరియాల రసం తాగి గల్లాపెట్టె ముందు కూర్చునేవాడు.

అలాంటి మనిషి యాభై దాటాక, రెండువేల ఎనిమిదిలో, ఎవరో వాడి అమ్మిన తెల్ల కారు ఒకటి కొన్నాడు. అదే ఆయన మొదటి కారు. పొద్దున్నే లేచి దాని అద్దాలు తుడుస్తూ, రాత్రి బాగా నిద్రపట్టిందా అన్నట్టు దానివంక చూసేవాడు.

ఒకరోజు నల్లంపల్లిలో సరుకు దించి తిరిగివస్తుంటే స్టీరింగు వెనకాల పసుపుపచ్చ దీపం ఒకటి వెలిగింది. ఇంజను బొమ్మ ఉన్న దీపం. దేవరాజన్ బండి పక్కకి తీసి ఆపాడు, మళ్లీ స్టార్టు చేశాడు. దీపం ఆరలేదు. దాని మీద వేలితో మెల్లగా తట్టాడు. ఆరలేదు.

ఇంటికొచ్చి కమలవేణికి చూపించాడు. ఆమె వంగి చూసి, తన నొసటి మీది స్టిక్కరు బొట్టు తీసి ఆ దీపం మీద అంటించింది.

“ఇంక కనపడదు. నిమ్మళంగా తోలుకోండి.”

కొన్నాళ్లు నిమ్మళంగానే తోలాడు. కానీ బండి పెట్రోలు విపరీతంగా తాగడం మొదలుపెట్టింది. ఎక్కువ వేగంలో కుదుపులు వచ్చాయి. వెనకాల గొట్టంలోంచి ఘాటైన వాసన. ఇక మనసొప్పక సేలం రోడ్డులో రాజమాణిక్కం షెడ్డుకు తీసుకుపోయాడు.

రాజమాణిక్కానిది తమిళమే అయినా, తెలుగువాళ్ల బండ్లు బాగుచేసీ చేసీ తెలుగు పట్టుబడింది. ఆ మధ్యనే కొత్తగా స్కానరు కొన్నాడు. దాన్ని బండికి తగిలించాలంటే చాలు, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చేవాడు.

“ఆక్సిజన్ సెన్సర్ అని చూపిస్తా ఉండాది, సెట్టియారే.”

“అంటే?”

“సైలెన్సర్ గొట్టంలో ఉంటాది. పోయే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో వాసన చూసి కంప్యూటర్‌కు చెప్తాది. దాన్ని బట్టి పెట్రోలు ఎంత పొయ్యాలో కంప్యూటర్ చూసుకుంటాది.”

“ముక్కన్న మాట” అన్నాడు దేవరాజన్, సంతోషంగా.

“ముక్కే అనుకోండి.”

కొత్త ముక్కు తెప్పించి బిగించాడు. దీపం ఆరింది. దేవరాజన్ బొట్టు పీకి పారేసి, అంగడికొచ్చిన ప్రతివాడికీ ముక్కు కథ చెప్పాడు. మర్నాడు ఇండూరు దారిలో దీపం మళ్లీ వెలిగింది.

ఈసారి రాజమాణిక్కం మొహం ముడుచుకుంది. స్కానరు మళ్లీ ఆ మాటే చెబుతోంది. “ఇంజను వేడిగా ఉండాది. చల్లారనియ్యండి. తీరిగ్గా చూడాల” అని ఇంకో బండి పనిలో పడ్డాడు. దేవరాజన్ బెంచీ మీద కూర్చుని, అంగడిలో పనిచేసే మునియన్‌కు సెల్లు కొట్టాడు. మునియన్‌కు తెలుగు అంతంతమాత్రం, అందుకని తమిళంలోనే, దిగులు గొంతుతో చెప్పాడు.

“మునియా, నేను ఇవాళ రాలేను. ఆక్సిజన్ సరిగా తెలియడం లేదంట. మొన్న ముక్కులో కొత్తది పెట్టినారు, అయినా కుదరలేదు. లోపల విప్పి చూడాలేమో.”

మునియన్ ఏదో అడిగేలోపల సెల్లులో చార్జి అయిపోయింది.

సరిగ్గా అప్పుడే దేవరాజన్ చెల్లెలు సరసు కుక్కరు మూత మార్చుకుందామని నల్లంపల్లి నుంచి అంగడికొచ్చింది. మునియన్ కళ్లు తుడుచుకుంటూ చెప్పాడు. కమలవేణికి ఫోను చేస్తే తగల్లేదు. ఆమె ఏరియూరులో చుట్టాలింటి చెవికుట్టుకు పోయింది. సరసు, గంజి కాచి తీసుకురమ్మని మొగుణ్ణి పిలిపించింది. ఇద్దరూ పెద్దాసుపత్రిలో వార్డు వార్డూ తిరిగారు. దేవరాజన్ అనే పేషెంటు ఒకడున్నాడు గానీ అతనికి కాలు విరిగింది, వయసు ఇరవై. తర్వాత ప్రైవేటు ఆసుపత్రులు తిరిగారు. చివరికి కమలవేణి ఫోను తగిలింది.

“ఆయన ముక్కు కాదు సరసూ. బండి ముక్కు. సేలం రోడ్డు షెడ్డులో ఉంటారు చూడు.”

దేవరాజన్ బెంచీ మీద కునుకుతుంటే షెడ్డు ముందు ఆటో ఆగింది. సరసు దిగింది, చేతిలో గంజి క్యారియరు. వెనకాలే కమలాపండ్ల సంచితో ఆమె మొగుడు దినకరన్ దిగాడు. దేవరాజన్ ఉలిక్కిపడి లేచాడు. చెల్లెలు వచ్చినందుకు కాదు. దినకరన్ ఆయనతో మాట్లాడి చాలా ఏళ్లయింది. వాళ్ల గృహప్రవేశానికి దేవరాజన్ పెట్టిన ఇత్తడి అండా పాయసం పోసిన గంటకే కారింది. అది చూసి ఎవరో నవ్వారు. అప్పట్నుంచి మాటల్లేవు.

“బాగానే ఉండావా?” అంది సరసు, అన్న చెయ్యి పట్టుకుని.

“నాకేం? బాగానే ఉండాను.”

ఆమె పెద్దగా ఏడ్చింది. తర్వాత తిట్టింది. “మనిషిని గురించి చెప్పినట్టు బండిని గురించి చెప్తే మేమెట్ల తెలుసుకునేది? పిల్లలకు కూడా చెప్పేసినాను మామ ఆసుపత్రిలో ఉండాడని.” తిట్లు చాలాసేపు సాగాయి. రాజమాణిక్కం టీ తాగి వచ్చి, అవి ఒక కొలిక్కి వచ్చేదాకా పానా పట్టుకుని మర్యాదగా నిలబడ్డాడు. ఈ గొడవలో ఇంజను పూర్తిగా చల్లారింది.

“ఒక్క నిమిషం అందరూ సద్దు చెయ్యకండి” అని బండి స్టార్టు చేశాడు. టిక్, టిక్, టిక్ అని సన్నని చప్పుడు వచ్చింది.

“మొన్న ఈ చప్పుడు లేదే” అన్నాడు దేవరాజన్.

“మొన్న వేడి మీద వచ్చినారు. వేడికి ఇనుము సాగి సందు చాలావరకు మూసుకుంటాది, చప్పుడు వినపడదు.”

సరసు చెవి ఒగ్గి, “మా కుక్కరు గ్యాస్‌కెట్ పోయినప్పుడు ఇట్లనే చేసింది” అంది.

రాజమాణిక్కం తల ఊపాడు. “నా అనుమానమూ అదే అక్కా.” మగ్గులో సబ్బునీళ్లు కలిపి తెచ్చాడు. వెనక గొట్టానికి గుడ్డ అడ్డం పెట్టి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలన్నాడు. పండ్ల సంచి కింద పెట్టి దినకరన్ పోయి పట్టుకున్నాడు. ఇంజనుకూ పొగగొట్టానికీ కలిసేచోట సబ్బునీళ్లు చల్లగానే బుడగలు బుసబుసా లేచాయి.

“ఇదిగో. ఈ సందులోనించి బయటి గాలి లోపలికి దూరతా ఉండాది. ముక్కు దాన్ని వాసన చూసి, ఆక్సిజన్ మిగిలిపోయింది, పెట్రోలు చాల్లేదు అంటాది. కంప్యూటర్ ఇంకా పోస్తాది. పాత ముక్కూ బాగానే ఉన్నట్టుండాది సెట్టియారే. అది నిజమే చెప్పింది, నేనే తొందరపడినాను.”

గ్యాస్‌కెట్ మార్చి, నట్లు బిగించి, మళ్లీ సబ్బునీళ్లు చల్లారు. బుడగ రాలేదు. చేతులు కడుక్కుని వచ్చి స్కానరుతో దీపం ఆర్పాడు.

మొహం నిండా మసితో దినకరన్ వెనక నుంచి లేచాడు. ఏళ్ల తర్వాత బావతో ఆయన అన్న మొదటి మాట ఇది: “బావా, ఇది కూడా కారతా ఉన్నిందా?”

దేవరాజన్‌కు నవ్వాలో వద్దో తెలియలేదు. దినకరనే ముందు నవ్వాడు. ఆ తర్వాత ఇక ఆపుకోలేకపోయారు. చేసిన గంజి పారబొయ్యకూడదని సరసు అందరికీ పోసింది. రాజమాణిక్కానికి రెండు గ్లాసులు. దేవరాజన్ వాళ్లిద్దరినీ నల్లంపల్లిలో దింపి వచ్చాడు. దారి పొడుగునా దీపం వెలగలేదు.

బండి కుదుటపడింది గానీ ఊళ్లో పుకారు కుదుటపడలేదు. ఆక్సిజన్ మీదున్న మనిషి లేచి అంగడిలో కూర్చున్నాడని ఎక్కడెక్కడివాళ్లో చూసిపోయారు. ఒక పెళ్లిలో ఆదిమూలం అనే దూరపు చుట్టం, డెబ్భై దాటినవాడు, ఎదురొచ్చి ఎట్లా నయమైందని అడిగాడు. దేవరాజన్ సబ్బునీళ్ల దాకా మొత్తం వివరంగా చెప్పాడు. చెవుడున్న ఆదిమూలం శ్రద్ధగా విని, ఎవరు చూసినారు, ఎక్కడుంటారు అని అడిగాడు. దేవరాజన్ షెడ్డు గుర్తులు చెప్పాడు.

మరుసటి వారం రాజమాణిక్కం ఫోను చేశాడు. “సెట్టియారే, ఇక్కడొక తాత వచ్చి బెంచీ మీద కూర్చోని చొక్కా విప్పతా ఉండాడు. మీరు పంపించినారంట. నన్నేం చెయ్యమంటారు?”