డాక్టరుగారి పెదవి చివర

సైలస్ పాబ్జాయ్‌కి మనుషులకంటే ముందు వెలుతురు మీద అసూయ పుట్టింది. బ్రిస్టల్ రేవులో, ఓడల ముక్కున నిలబెట్టే చెక్కబొమ్మలు తయారుచేసే షెడ్డులో అతనూ ఆంబ్రోస్ విన్‌స్టోనూ ఒకే ఏడు పనికి కుదిరారు. ఇద్దరికీ అప్పటికి మీసాలు రాలేదు. షెడ్డుకి ఉన్నది ఒక్కటే కిటికీ. ఆంబ్రోస్ పొట్టివాడు కనక దాని కింది బల్ల వాడికిచ్చారు. పొడుగ్గా ఉన్న పాపానికి సైలస్ తలుపు దగ్గర, తారు వాసనలో, నది మీంచి పాకివచ్చే మంచులో నిలబడి సముద్రకన్యల జుట్టు పాయలు తీసేవాడు. పొద్దుటెండ వాడి చెక్కపేళ్ల మీద బంగారంలా రాలేది. తనవి తడిసిన ఆకుల్లా కాళ్ల కింద పడి ఉండేవి.

తరవాత ఇనప ఓడలొచ్చాయి. వాటికి ముక్కున కన్యలక్కర్లేదు. ఇద్దరూ రాయి పట్టారు. ఆంబ్రోస్ లండన్ వెళ్లిపోయాడు. సైలస్ సమాధిరాళ్లు చెక్కే ఆసామి కూతురు కెజియాని పెళ్లాడి, మామగారి రాళ్ల దొడ్డిలోనే చూరు కింద మట్టి, గుడ్డలు, పాలరాయి పెట్టుకుని భుజాలదాకా మొహాలు చెయ్యడం మొదలుపెట్టాడు. చక్కెర వర్తకులు, నగరసభ పెద్దలు, ప్రార్థనామందిరం బోధకులు వచ్చి కుర్చీలో కూర్చుని గెడ్డం ఎత్తేవారు. ముందు తడిమట్టిలో మొహం, దానిమీంచి సున్నపు పోత, ఆ పోత మీద గుర్తులు పెట్టుకుని, కొలిచి కొలిచి పాలరాయి. చెంపమీసాల్లో అతనికి అతనే సాటి. గాలొస్తే కదులుతాయేమో అన్నట్టుండేవి.

"మా ఆయన ముక్కు ఇంత లావు కాదు," అందొక వర్తకుడి భార్య.

"ఇంకా లావేనమ్మా. నేను కాస్త తగ్గించాను."

"అయితే ఇంకాస్త తగ్గించండి. డబ్బిస్తున్నాం కదా."

ఒకసారి లండన్ ప్రదర్శనకి ఒక నగరసభ పెద్ద మొహం పంపి, చూసుకుందామని తనే వెళ్లాడు. మెట్ల కింద చీకటి గదిలో, తలుపు వెనక దొరికింది. ఎవరో పెద్దమనిషి దాని భుజానికి తడిగొడుగు తగిలించి మరిచిపోయాడు. ఆంబ్రోస్ చేసిన న్యాయమూర్తి మాత్రం పెద్ద కిటికీ పక్కన, వేసవి తెలుపంతా మొహాన పోసుకుని నిలబడి ఉన్నాడు. మళ్లీ ఆ కిటికీయే, అనుకున్నాడు సైలస్. గొడుగు తీసి గోడకి ఆనించి బండెక్కాడు.

అప్పట్నుంచీ ఆంబ్రోస్ పేరు పత్రికలో కనిపిస్తే చాలు, ఇంట్లో భోజనం ఎవరికీ సయించేది కాదు.

"ఆ కాగితం చూసిన్రోజు నీకు ఉడకేసిన బంగాళాదుంప కూడా చేదేనయ్యా," అనేది కెజియా. "వాడు పైకెళ్తే నీ రాయేమన్నా మెత్తబడుతుందా?"

సైలస్ కంచం తోసి లేచేవాడు. లోపలేదో సున్నంలా సన్నగా మరుగుతుండేది.

డాక్టర్ హార్ట్‌నెల్ పోయింది ఆ రోజుల్లోనే. రేవు సందుల్లో కలరా నాడు తలుపు తలుపూ తట్టిన మనిషి. కెజియా మెడ మీద సెగ్గడ్డ కోస్తూ, ఆమె ఏడుస్తుంటే ఏదో పిట్టకథ చెప్పి నవ్వించిన మనిషి. ఆయన నవ్వు ఎప్పుడూ ఎడమ పెదవి చివర మొదలై, కుడివైపుకి తీరిగ్గా వచ్చేది. కడుపులో పుండుతో నెలల తరబడి తీసుకుని తీసుకుని పోయారు. మొహం అచ్చు తియ్యమని సైలస్‌కి కబురొచ్చింది.

డాక్టరుగారి భార్య గదిలోకి రాలేకపోయింది. మెట్ల మీద కూర్చుండిపోయింది. సైలస్ ఒక్కడే లోపలికెళ్లి, కనుబొమలకి నూనె రాసి, సున్నం పోశాడు. బాధకి బిగుసుకున్న మూతి కిందికి లాక్కుపోయి ఉంది. అచ్చు పట్టుకుని దిగుతుంటే ఆమె తలెత్తింది.

"ప్రశాంతంగా ఉన్నారా?"

అతను టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

చనిపోయినవాళ్ల అచ్చు మీద కత్తి పెట్టకూడదు. ఆ పనిలో అది ప్రమాణం లాంటిది. పెడితే సాక్ష్యం తారుమారు చేసినట్టే. ఆ మర్నాడు మధ్యాహ్నం, అచ్చులో పోసి తీసిన పోత ఇంకా పచ్చిగా ఉండగానే, సైలస్ చిన్నకత్తి తీసి ఆ ఎడమ పెదవి చివర బియ్యపుగింజంత పైకెత్తాడు. బుగ్గ మీద దాని నీడ సరిచేశాడు. సున్నంలోంచి డాక్టరుగారు ఏదో పిట్టకథ చెప్పబోతున్నట్టు చూశారు. ఎవరికీ చెప్పలేదు. డాక్టరుగారి భార్య దాన్ని మంచం ఎదురుగా గోడకి పెట్టించుకుంది.

కొన్నేళ్లకి ఊరు చందాలేసుకుని, ఆసుపత్రి హాల్లో డాక్టరుగారి పాలరాతి మొహం పెట్టాలనుకుంది. ఆ పని తనకేనని సైలస్ రాయి కూడా ఎంచుకున్నాడు. చందాల సంఘం పెద్ద, సబ్బుల వ్యాపారి టోవీగారు దొడ్డికి వచ్చి నిలబడ్డాడు.

"విన్‌స్టోన్‌గారికి ఇచ్చాం, పాబ్జాయ్."

"ఆయన డాక్టరుగార్ని చూడనైనా లేదండీ."

"అచ్చుందిగా. లండన్ పేరుంటే చందాలు రాలతాయి. మీరు మనవాళ్లు, మీరెక్కడికి పోతారు?"

ఆ చలికాలమంతా సైలస్ ఒక్కటే కోరుకున్నాడు. ఆ రాయికి ప్రాణం రాకూడదని. చెయ్యి జారాలని, రాయిలో నల్లగీత బయటపడాలని. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే అదే నోట్లోకొచ్చేది. సిగ్గుపడి మళ్లీ అదే కోరుకునేవాడు.

ముసుగు తీసిన రోజు హాలు కిక్కిరిసింది. గుడ్డ జారగానే జనం ఊపిరి ఒక్కసారి ఆగి వదిలినట్టయింది. ఎడమ పెదవి చివర, ఆ బియ్యపుగింజ.

"చచ్చిన మొహంలోంచి ఆ నవ్వెలా లాగాడో చూడు," అన్నాడొకడు. "చెయ్యంటే లండన్ చెయ్యి."

సైలస్ గుంపులోంచి ముందుకి తోసుకెళ్లాడు. జీవితమంతా ఇంకొకడి మీద పడ్డ అసూయ ఇప్పుడు తన చేతి మీదకే తిరిగింది. ఆ చెయ్యి తన్నొదిలి, మరొకడి పేరు తొడుక్కుని, వెలుతుర్లో నిలబడి మెప్పులందుకుంటోంది. చెప్పేస్తాను, అనుకున్నాడు. ఈ పూటే, అందరి ముందూ.

ఆంబ్రోస్ స్తంభం పక్కన ఒంటరిగా ఉన్నాడు. జుట్టు నెరిసింది. ఇంకా పొట్టిగానే ఉన్నాడు.

"ఏరా పొడుగోడా. రావనుకున్నాను."

"ఆ పెదవి..."

"నీదే. అచ్చు చేతిలోకి తీసుకున్నప్పుడే బొటనవేలికి తగిలింది. శవం మూతి అలా లేవదు. కత్తి పెట్టావు కదూ?"

"తెలిసే చేశావన్నమాట."

"మట్టిలో పెదవి దించి చూశానురా. దించితే మనిషి పోతున్నాడు. నా సొంతంగా ఇంకోలా పెట్టబోయాను, వేరే ఎవడో అయ్యాడు. ఇక నీది ఉన్నదున్నట్టు రాతికి ఎక్కించేశాను." ఆంబ్రోస్ నేలకేసి చూశాడు. "టోవీ వస్తున్నాడు. చెప్పుకో. పక్కన నిలబడి ఔనంటాను."

సైలస్ నోరు తెరిచాడు. టోవీగారి వెనకే, నల్లబట్టల్లో డాక్టరుగారి భార్య వచ్చి అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"పాబ్జాయ్‌గారూ, ఆ రోజు గదిలో ఉన్నది మీరొక్కరే. నవ్వుతూనే వెళ్లారని నేనంటే, ఆ నవ్వు విన్‌స్టోన్‌గారు కల్పించిందని వీళ్లంటున్నారు. మీరైనా చెప్పండి. ఏళ్ల తరబడి దాన్ని చూసే నిద్రపోతున్నాను."

టోవీగారు గ్లాసు పట్టుకుని వింటున్నాడు. ఆంబ్రోస్ వింటున్నాడు.

"నవ్వుతూనే ఉన్నారమ్మా," అన్నాడు సైలస్. "ఎడంపక్క. నేను సున్నం పోశాను, అంతే."

"అలాగైతే మీ పని సులువైపోయిందన్నమాట, విన్‌స్టోన్‌గారూ," అని నవ్వాడు టోవీగారు.

"సులువేనండి," అన్నాడు ఆంబ్రోస్. మరోసారి సైలస్ కళ్లలోకి చూడలేకపోయాడు.

ఇంటికొచ్చి కెజియాకి అంతా చెప్పాడు. ఆమె రొట్టె కోసి అతని ముందు పెట్టింది.

"మంచిపని చేశావు."

"చేశాను. కానీ వాడి మీద మంట తగ్గలేదే."

"ఎందుకు తగ్గుతుందయ్యా, తిను."

వయసు మీదపడి వేళ్లు బిగుసుకుపోయేదాకా సైలస్ మొహాలు చేస్తూనే ఉన్నాడు. మునుపటికంటే ఎక్కువమందే వచ్చారు. డాక్టరుగారి మొహం చూసొచ్చిన వాళ్లందరికీ అలాంటిదే కావాలి. ఓడతాళ్ల వ్యాపారి ఒకడు, పుట్టాక నవ్వి ఎరగనివాడు, కుర్చీలో సర్దుకు కూర్చుని అడిగాడు.

"ఆసుపత్రిలో విన్‌స్టోన్‌గారు పెట్టారే, పెదవి చివర, అలాంటి నవ్వు మీకు వస్తుందా?"

సైలస్ మట్టిమీది తడిగుడ్డ తీశాడు.

"ప్రయత్నిస్తానండి," అన్నాడు.