కందుల కుండలో వాచీ

నందిగామ బస్టాండులో దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. మే నెల. పడమటి గాలి. బస్టాండు మొత్తం మీద నీడంటూ ఉన్నది సోడాబండి కిందే, అక్కడ అప్పటికే ఓ కుక్క పడుకుని ఉంది. నా సామాను ఒక నల్ల ట్రంకు పెట్టె, ఒక కిట్‌బ్యాగు. జేబులో రెండు నెలల సెలవు చీటీ.

సరిహద్దులో మంచు గురించి చెప్పమని మీరంతా నన్ను అడుగుతుంటారు. మంచు చల్లగా ఉంటుంది. అంతకంటే చెప్పడానికేమీ లేదు. నేను చేసిన డ్యూటీలన్నిటిలో నాకు నిజంగా చెమటలు పట్టించింది నందిగామలో, మా అత్తయ్య ఇంట్లో చేసిన డ్యూటీ. తొంభైల చివరి మాట ఇది. సైన్యంలో నేను తుపాకీ పట్టింది తక్కువ. మా వర్క్‌షాపులో దుర్భిణీలు, దిక్సూచులు, ఫిరంగి గురిచూసే అద్దాలు విప్పి బాగుచేయడం నా పని. ఆ సంగతి అత్తయ్యకు తెలుసు. కొంప మునిగింది అక్కడే.

వెళ్ళగానే అత్తయ్య అన్నం పెట్టింది. దోసకాయ పప్పు, గడ్డపెరుగు. నేను చెయ్యి కడుక్కుని వచ్చేలోపు చాప మీద ఓ పాత జాకెట్టుగుడ్డ మూట పెట్టింది. విప్పాను. మామయ్య వాచీ.

మామయ్య అంటే మా అమ్మకు పెద్దన్నయ్య. నేవీలో డైవరు. విశాఖలో ఓడల అడుగున మరమ్మతు చేసేందుకు నీళ్ళలోకి దిగేవాడు. ఆ వాచీ కూడా ఆయనతోపాటు దిగేది. స్టీలుది, స్విస్ తయారీ, అరచేతిలో పెడితే బరువు తెలిసేంత మందం. నీటి కింద ఎంతసేపున్నదీ గుర్తుపెట్టుకోవడానికి అద్దం చుట్టూ తిప్పుకునే చక్రం. రిటైరై నందిగామ వచ్చాక కూడా ఆయన దాన్ని చేతినుంచి తీయలేదు. పిల్లలు లేరు. వాచీ మేనల్లుడిదే అని నా పెళ్ళిలో అందరి ముందూ చెప్పాడు. తర్వాత ఏడాదే పోయాడు.

ఇప్పుడది నడవడం లేదు. అద్దం లోపల, తెల్ల అంకెల మీద, ఎర్రటి మట్టి. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే ఇసుక జారిన చప్పుడు.

మా వైపు కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి, కుండకు పోస్తారు. పురుగు పట్టకుండా. బంగారం దాచాలన్నా ఆడవాళ్ళు ఆ కుండలోనే దాస్తారు, దొంగ అంత మట్టిలో చెయ్యి పెట్టడని నమ్మకం. మామయ్య పోయాక ఇంటినిండా జనం. అత్తయ్య వాచీకి మామయ్య రోజూ ఇచ్చినట్టే కీ ఇచ్చి, గుడ్డలో చుట్టి, కందుల్లో దాచింది. కీ ఇచ్చాక ఆ కీ మరను లోపలికి నొక్కి మళ్ళీ బిగించాలని, లేకపోతే ఆ సందులోంచి దుమ్ము పోతుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. నాలుగో మాసికం నాడు బయటికి తీస్తే ఇదీ పరిస్థితి.

ఆ రోజు చిన్నమామయ్య, అంటే మామయ్య తమ్ముడు, బంధువులందరి ముందూ వాచీని ఎత్తి చూపించాడట. మా అన్నయ్య ప్రాణంలా చూసుకున్నదాన్ని వదిన మట్టిలో పూడ్చిపెట్టింది అన్నాడట. అప్పటినుంచి అత్తయ్య ఎవరింటికీ పోలేదు. నలుగురిలో నోరు విప్పలేదు. విజయవాడలో రెండు షాపులకు పంపించింది. ఇద్దరూ లోపలంతా తీసేసి బ్యాటరీ మిషను పెడతామన్నారు.

"ఐదు వారాల్లో ఆయన సంవత్సరీకం," అంది అత్తయ్య. "ఆయన వాచీ ఆయన రోజుకి నడవాలి నాయనా. నడవకపోతే నేను కృష్ణ రేవుకి రాను. వాళ్ళే చేసుకుంటారు."

కమాండింగ్ ఆఫీసరు కూడా నాకు ఇంత సూటిగా ఆర్డరు ఇవ్వలేదు. భర్త సంవత్సరీకానికి భార్య రాకపోతే జనం ఇక జన్మలో ఊరుకోరు. సరేనన్నాను. అనేశాక గుర్తొచ్చింది. అప్పటిదాకా నేను ఒక్క వాచీ కూడా విప్పి ఎరగను.

మర్నాడు పొద్దున ఆరున్నర బస్సుకు జగ్గయ్యపేట వెళ్ళాను. పాత బజారులో మస్తాన్ గారని వాచీల మెకానిక్. బల్ల వెడల్పు ఉన్న కొట్టు, గోడనిండా ఆగిన గడియారాలు. ఆయన మా నాన్న వాచీ బాగుచేసిన మనిషే. మిలిటరీవాళ్ళకి ఓపిక తక్కువ, మూత మీరు తిప్పకండి, నేను తిప్పుతా అన్నాడు. వెనక మూత బిగుసుకుపోయింది. మూత మర చుట్టూ సూదితో కిరసనాయిలు చుక్కలు వేసి టీ తాగొచ్చాం. రెండో ప్రయత్నంలో కదిలింది. లోపల, నీళ్ళు రాకుండా వేసే రబ్బరు రింగు కరిగి తారయింది. దాని కింద మట్టి. చక్రాల పళ్ళ మధ్య, ఇరుసులు కూర్చునే చిట్టి ఎర్రరాళ్ళ చుట్టూ, ప్రతి సందులో మెత్తటి ఎర్రమట్టి. నా ఆశ అక్కడికక్కడే చచ్చిపోయింది.

మస్తాన్ గారు బల్ల దగ్గరికి జరిగాడు. కంటి అద్దం బిగించుకుని చాలాసేపు చూశాడు. బ్రష్షుతో ఓ మూల తుడిచాడు. మళ్ళీ చూశాడు.

"ఏవండీ, తుప్పేదండీ?" అన్నాడు.

అద్దం నా కంటికి పెట్టాడు. నిజమే. మట్టి పోయినచోట లోహం కొత్త పావలాలా ఉంది. అప్పుడు విడమరిచి చెప్పాడు. రింగు ఎప్పుడో పోయింది, అంటే ఆ వాచీ మామయ్య ఉండగానే తేమ పీల్చడం మొదలెట్టింది. బీరువాలో పెట్టిన ఇలాంటివి ఆయన చాలా విప్పాడు. అన్నీ తుప్పు ముద్దలే. దీన్ని ఎండిన మట్టిలో, ఎండిన గింజల మధ్య పెట్టారు. ఉన్న తేమంతా మట్టి లాగేసింది. మట్టయితే కడుక్కుంటాం, తుప్పయితే పారేసుకుంటాం అన్నాడు.

నేను నందిగామకు పరిగెత్తినంత పని చేసి అత్తయ్యకు చెప్పాను. నమ్మలేదు. నా మనసు చల్లబరచడానికి అల్లుతున్నావు అంది. దాంతో మర్నాడు ఆవిణ్ణి వెంటబెట్టుకుని మళ్ళీ అదే బస్సు. ఇన్ని నెలల్లో ఆవిడ గడప దాటడం అదే మొదలు, బస్సులో తల వంచుకునే కూర్చుంది. కొట్లో మస్తాన్ గారు స్టూలు వేసి, కంటి అద్దం ఎలా పెట్టుకోవాలో చూపించాడు.

"అమ్మా, చూడండి. మీరు బీరువాలో పెట్టుంటే ఈ పాటికి ఇది లేదు."

అత్తయ్య చాలాసేపు చూసింది. అద్దం తీశాక కన్ను ఎర్రగా ఉంది. రెండో కన్ను కూడా. కొంగుతో తుడుచుకుని, కాఫీ దొరుకుతుందా ఇక్కడ అని అడిగింది. ఆ రోజు ఆవిడ రెండు కాఫీలు తాగింది, నాకు ప్రాణం లేచొచ్చింది.

మస్తాన్ గారికి పెళ్ళిళ్ళ సీజను, చేతినిండా పని. విప్పడం, కడగడం నన్ను చేయమన్నాడు, బిగించేటప్పుడు పక్కన ఉంటానన్నాడు. కేసుకు పాలిష్ కొట్టి అద్దంలా చేసిస్తానన్నాడు, అందరూ అదే అడుగుతారట. అత్తయ్య వద్దంది. ఈ గీత ఓడ గొలుసుది, ఈ సొట్ట మునేటి ఒడ్డున బావిలో మోటారు తీసినప్పటిది, మీరు మెరిపిస్తే ఆయన చెయ్యి పోతుంది అంది. మస్తాన్ గారు నెత్తి గోక్కుని ఊరుకున్నాడు.

యుద్ధభూమి: నందిగామలో మా అత్తయ్య ముందు గది. శత్రువులు ముగ్గురు. హైవే దుమ్ము, పడమటి గాలి, నా చెమట. ఫ్యాను వేస్తే మరలు ఎగిరిపోతాయి, వేయకపోతే చెమట చుక్క చక్రం మీద పడుతుంది. అందుకే పని వేళ తెల్లవారుజామున నాలుగు నుంచి ఏడు దాకా. నేల మీద నీళ్ళు చల్లాం. కిటికీలకు తడి దుప్పట్లు కట్టాం. బల్ల మీద తెల్ల పంచె, నాలుగు అంచులూ మడిచి గట్టులా. విప్పిన ప్రతి ముక్కనూ ఒక గాజు గ్లాసు బోర్లించి దాని కింద. నుదుటికి తడి తువ్వాలు. రాళ్ళ కన్నాలు శుభ్రం చేయడానికి సూదిలా చెక్కిన కొబ్బరీనెలు. గుమ్మం దగ్గర అత్తయ్య సెంట్రీ. పాలవాణ్ణి కూడా లోపలికి రానివ్వలేదు, పాలు వీధిలోనే పోయించుకుంది.

పెట్రోలులో ముంచి, కుంచెతో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ ముంచాను. మొదటిసారి పెట్రోలు టీ డికాషను రంగుకి వచ్చింది. నాలుగోసారికి తేటగా మిగిలింది. రెండు వారాలకు ముక్కలన్నీ తళతళలాడుతున్నాయి. మస్తాన్ గారి పక్కన కూర్చుని బిగించాను. నూనె మాత్రం ఇంటికెళ్ళి నిదానంగా నేనే పెడతానన్నాను, తెలిసినవాణ్ణి కదా. కీ ఇచ్చాను. నడిచింది. అత్తయ్య దిండు పక్కన పెట్టుకుని పడుకుంది. తెల్లారేసరికి ఆగిపోయింది.

ఎస్టీడీ బూతుకు పరిగెత్తి మస్తాన్ గారికి ఫోను చేశాను.

"ఆగిపోయింది," అన్నాను.

"నూనె ఎంత పెట్టారు?"

"సరిపడా."

"మీ సరిపడా ఎంతండీ?"

చెప్పాను. అవతల నుంచి కాసేపు నవ్వు తప్ప ఏమీ వినబడలేదు. "తుపాకీకి పట్టించినట్టు పట్టించారు. సూది మొనకి ఎంత అంటుకుంటే అంత, అదీ రాయికి ఒక్కసారి. మొత్తం విప్పి కడగండి."

రెండు వారాల పని గంగలో పోసినట్టే. అత్తయ్య మాత్రం గ్లాసులు కడిగి, తుడిచి, బల్ల మీద వరసగా బోర్లించి పెట్టింది. నాకు సిగ్గేసి మళ్ళీ కూర్చున్నాను.

ఈసారి నూనె నాకు కనబడనంత తక్కువ పెట్టాను. నడిచింది. మర్నాడూ నడిచింది. మిగిలింది రబ్బరు రింగు. నీళ్ళలో దిగని వాచీని మామయ్య వాచీ అనడానికి నాకు నోరు రాదు. ఆ సైజు రింగు విజయవాడంతా వెతికినా లేదు. చివరికి తట్టింది, పత్తిచేలో మందుకొట్టే పంపుల్లో ఇలాంటి రింగులుంటాయి. ఆ పంపులు అమ్మేది ఎవరు? కంచికచర్లలో చిన్నమామయ్యే.

వెళ్ళాను. కొట్టు ముందు రైతులు, లోపల పురుగుమందు వాసన. సంగతి చెప్పాను. ఆయన డబ్బా నా ముందు కుమ్మరించాడు, వెతుక్కో అన్నాడు. మట్టి తిన్న వాచీ నడవడమేమిటిరా, నీ చాదస్తం గానీ అన్నాడు. గొడవ పెట్టుకునే టైము కాదు. పదకొండో రింగు సరిపోయింది. దండం పెట్టి బయటపడ్డాను.

ఇక పరీక్ష. మస్తాన్ గారు చెప్పిన పద్ధతి: వాచీని వేడెక్కించి, అద్దం మీద చన్నీటి చుక్క వేయాలి. లోపల తేమ ఉంటే చుక్క కింద మసక కడుతుంది. వేడికి నందిగామలో కొదవా? అరుగు మీద పెట్టిన రెండు నిమిషాలకే వేలు పెట్టలేనంత కాలింది. అత్తయ్య కుండలోంచి నీళ్ళు తెచ్చి ఓ చుక్క వేసింది. ఇద్దరం వంగి చూశాం. తుడిచాం. అద్దం తేటగా ఉంది. అత్తయ్య అక్కడే అరుగు మీద కూలబడి నవ్వింది, అంత ఎండలో.

సంవత్సరీకం. చందర్లపాడు వైపు కృష్ణ రేవు. పొద్దున ఎనిమిది. ఏటికి నీళ్ళు తక్కువ, ఒడ్డు దగ్గర మోకాల్లోతు. వ్యానులో పాతికమంది బంధువులు దిగారు. అత్తయ్య కూడా దిగింది. వాచీ ఆవిడ చేతికే ఉంది. మామయ్య చేతి కొలత పట్టీ కాబట్టి మోచేతి దాకా జారుతోంది. అందరూ చూశారు.

చిన్నమామయ్య పిండం పెట్టాడు. పంతులుగారు అందర్నీ స్నానాలు చేయమన్నారు. అత్తయ్య చీర దోపుకుని నీళ్ళలోకి నడిచింది. వంగి, వాచీ ఉన్న చేతిని భుజందాకా ముంచింది. ముంచి అలాగే ఉంచింది.

"వదినా, వాచీ," అని ఒడ్డునుంచి ఎవరో కేకేశారు.

"తెలుసు," అంది అత్తయ్య.

రింగు పురుగుమందు పంపుది. బిగించింది నేను. ఒక్క చుక్క లోపలికెళితే ఈవిడ బతుకు మళ్ళీ మొదటికే. పంతులుగారు మంత్రం ముగించేదాకా ఆవిడ చెయ్యి తీయలేదు. తర్వాత నిదానంగా ఒడ్డుకొచ్చి, వాచీని చిన్నమామయ్య చెవి దగ్గర పెట్టింది. ఆయన విన్నాడు. చేతిలోకి తీసుకుని అద్దంలోకి చూశాడు. సెకన్ల ముల్లు తిరుగుతోంది. ఆయన మొహంలో రంగులు మారాయి.

నేను ముందుకొచ్చి, తుప్పు సంగతి, మట్టి సంగతి చెప్పాను. ఆ కుండే దీన్ని బతికించింది అన్నాను. గట్టిగానే అన్నాను, పరేడ్ గ్రౌండు గొంతుతో.

చిన్నమామయ్య గొంతు తగ్గించి, "వదినా, అప్పుడు తొందరపడి అన్నాను," అన్నాడు.

"నలుగురిలో అన్నావయ్యా," అంది అత్తయ్య. "నలుగురిలోనే చెప్పు."

ఆయన చుట్టూ చూశాడు. తల ఎత్తి, అందరికీ వినబడేలా, వదిన తప్పేం లేదు, తప్పు నాది, నా నోటిది అన్నాడు. ఆ మాట పూర్తిగా అన్నాడు, అందుకు ఆయన్ని మెచ్చుకోవాలి. నేను మాత్రం ఏటి వైపు తిరిగి నిలబడ్డాను. ఎంత సంతోషమేసిందంటే, ఛాతీకి పతకం గుచ్చినా అంత వేయదు.

సెలవు అయిపోయింది. అత్తయ్య వాచీ తీసి ఇవ్వబోయింది, నీది నీకే అంది. నేను తీసుకోలేదు. నా పై సెలవుదాకా కాపలా మీదేనని ఆర్డరు వేశాను. నేను ఆర్డరు వేసిన పెద్దమనిషి ఆవిడొక్కతే.

తిరుగు ప్రయాణం నందిగామ బస్టాండు నుంచే. హైదరాబాదు బస్సు, పది ఇరవైకి. బస్సు ఉంది, డ్రైవరున్నాడు. కండక్టరు టీకొట్టు దగ్గర తీరుబడిగా నిలబడ్డాడు. నేను కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చున్నాను. అత్తయ్య నా కిటికీ దగ్గర లేదు. తల తిప్పి చూద్దును కదా, నెలల తరబడి నలుగురిలో నోరు విప్పని మనిషి, బస్టాండు నడిమధ్య, కండక్టరు ముందు నిలబడి ఉంది.

"బాబూ, పది ఇరవైకన్నారు. ఆరు నిమిషాలు దాటింది. మా అబ్బాయి డ్యూటీకి పోవాలి."

ఇంకా టైముందమ్మా అని అతను తన చేతి గడియారం చూపించాడు. అత్తయ్య కొంగు వెనక్కి తోసి, మోచేతి దగ్గరున్న ఆ లావుపాటి వాచీని మణికట్టుకు లాక్కుని, అతని ముక్కు కింద పెట్టింది. నీటి అడుగున నడిచిన వాచీ అని చెప్తోంది. చుట్టూ జనం మూగారు. ఆవిడ తల ఎత్తే ఉంది.

తర్వాత చాలా చోట్ల కాపలా కాశాను. చెప్పానుగా, మంచు చల్లగా ఉంటుంది. ఎక్కడున్నా కళ్ళు మూసుకుంటే నాకు కనబడేది అదే. బస్సు కిటికీ ఊచల్లోంచి మా అత్తయ్య, ఆవిడ చాచిన చెయ్యి, ఆ చెయ్యి చూసి తన గడియారం ముల్లు ముందుకు తిప్పుకుంటున్న కండక్టరు.