మా తాత కళ్లు, నా కొడుకు కళ్లు

పదో తరగతి జీవశాస్త్రంలో అనువంశికత పాఠం చెప్పే వారమంతా నాకు కాళ్లు ఒకచోట నిలవవు. ఇరవై ఏళ్లుగా నస్పూర్‌లో అదే పాఠం చెబుతున్నాను. బఠాణీ మొక్కలు, పొడుగువి, పొట్టివి, గుండ్రటి గింజలు, ముడతల గింజలు... అంతవరకు నా గొంతు బాగానే ఉంటుంది. ఎక్స్ క్రోమోజోము దగ్గరికి రాగానే చేతిలో చాక్‌పీసు విరుగుతుంది. పిల్లలు ఏమీ అనకపోయినా కసురుకుంటాను.

ఈ ఏడు మరీ ఘోరం. సరిగ్గా ఆ వారంలోనే మా అబ్బాయికి వైద్య పరీక్షకు రమ్మని పిలుపు వచ్చింది. రైలింజను నడిపే ఉద్యోగం. రాత పరీక్షలన్నీ గట్టెక్కాడు. బొగ్గు గనిలో పనిచేసే మా ఆయన వీధంతా మిఠాయి పంచాడు. ఇక మిగిలింది కళ్ల పరీక్ష, సిగ్నల్ రంగులు తెలియాలి కదా. మా వాడికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. ఆ సంగతి నాకు వాడి ఒకటో తరగతి నుంచీ తెలుసు. కట్టుకున్న వాడికి కాదు కదా, ఆ పిల్లవాడికి కూడా చెప్పలేదు.

ఒకటో తరగతిలో వాడు చెట్టు బొమ్మ గీసి, ఆకులన్నిటికీ మట్టి రంగు పూశాడు. "ఎండిపోయినయా బిడ్డా ఆకులు?" అని అడిగాను. "లే, మంచిగ పచ్చగున్నయ్" అన్నాడు. ఆ మధ్యాహ్నమే కూర్చుని రంగు పెన్సిళ్లన్నిటికీ కాగితం ముక్కలు చుట్టి పేర్లు రాశాను. చదవడం అలవాటవుతుందని మా అత్తకు చెప్పాను. ఆవిడ నా తెలివికి మురిసిపోయింది కూడా.

ఎందుకు దాచానంటే, భయం. వాడి పురుడునాడు ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని వాణ్ని ముక్కలు ముక్కలుగా పంచారు. ముక్కు తండ్రిది, నుదురు తాతది, వేళ్లు మేనత్తవి. మంచివన్నీ మా అత్తగారింటివే. నా వాటాకు వచ్చింది ఏడుపొక్కటే. ఈ సంగతి బయటపడితే అది ఎవరి పుట్టింటి మీద పడుతుందో నాకు తెలుసు. నా ఖర్మ ఏమిటంటే, ఆ ఒక్క విషయంలో వాళ్ల మాట నిజమవుతుంది.

మా అమ్మమ్మ వాళ్లది చొప్పదండి పక్క ఊరు. తాత మగ్గం మీద చీరలు నేసేవాడు. ఆయన కూర్చునే గుంటకు ఎడమవైపు ఒక గంప, కుడివైపు ఒక గంప ఉండేవి. ఎడమ గంపలో ఎర్ర దారం చుట్టిన కండెలు, కుడి గంపలో ఆకుపచ్చవి. వాటిని నింపేది అమ్మమ్మే. ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఒక వేసవి సెలవుల్లో నేను ఆటలో పడి గంపలు అటూ ఇటూ మార్చాను. తాత తన మానాన తాను నేసుకుంటూ పోయాడు. ఎర్ర చీరలో జానెడు ఆకుపచ్చ పట్టీ పడింది. అమ్మమ్మ చూసి నా వీపు విమానం మోత మోగించింది.

తాత ఆ పట్టీ మీద చెయ్యి పెట్టి, "ఏమైందే?" అన్నాడు.

"ఏం గాలే. దారం జిగట బట్టింది" అంది అమ్మమ్మ. పక్కన కూర్చుని ఆ జానెడూ పోగు పోగూ విప్పింది. ఊళ్లో ఒక్కరికి కూడా తెలియనివ్వలేదు. ఆ రోజు నాకు దెబ్బలే గుర్తు. కారణం అర్థమైంది డిగ్రీలో, లెక్చరర్ బోర్డు మీద బొమ్మ గీస్తుంటే.

ఆ బొమ్మనే నేను ఇప్పుడు మా పిల్లలకు గీస్తాను. ఒంట్లో ప్రతి కణంలోనూ పని ఎలా చెయ్యాలో చెప్పే సూచనలు ఉంటాయి. అవే జన్యువులు. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి. ఎరుపునీ ఆకుపచ్చనీ విడదీసి చూపే జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. ఆడపిల్లకు ఎక్స్‌లు రెండు. ఒకటి దెబ్బతిన్నా సాధారణంగా రెండోది ఆదుకుంటుంది, ఆమెకు ఏ తేడా తెలియదు. మగపిల్లవాడికి ఒకటే ఎక్స్, అదీ తల్లి ఇచ్చిందే. తాత ఎక్స్ ఆయన కూతురికి, అంటే నన్ను కన్న మా అవ్వకు తప్పకుండా వచ్చింది. ఆమె నుంచి నాకు రావడం, రాకపోవడం సగం సగం. నా నుంచి నా కొడుక్కీ అంతే. రెండుసార్లు తప్పించుకునే వీలుంది. రెండుసార్లూ తప్పలేదు.

మా అవ్వకు ఫోన్ చేశాను. "తాతకు రంగులు తెల్వకపోవుడు నీకు ఎరుకేనా అవ్వా?"

"తాత పోయి గిన్నేండ్లాయె. గిప్పుడు గా ముచ్చటెందుకే?" అని పెట్టేసింది. ఫోన్ గోడకేసి కొట్టాలనిపించింది. ఆమె మీద కోపం కాదు, నేను కూడా అచ్చం అలాగే మాట్లాడతానని.

అసలు పరీక్షకు ముందు కరీంనగర్‌లో ఒకసారి చూపించి, డాక్టరు కాగితం చేతిలో పెట్టుకుంటే ధీమాగా ఉంటుందని మా ఆయన అన్నాడు. వాడు సరేనన్నాడు, జంకు లేకుండా.

బస్సులో వాడి పక్కన కూర్చున్నాను. ఫోన్ చూస్తూ పెదవులు కదుపుతున్నాడు. వంగి చూశాను. రంగులు తెలుస్తున్నాయో లేదో చూసే చుక్కల గుండ్రాలు, ఒకటి తర్వాత ఒకటి. ఒక్కోదాని కింద దానిలో దాగిన అంకె రాసి ఉంది. వాడు చూడటం లేదు, బట్టీ పడుతున్నాడు. అంటే వాడికీ తెలుసు. ఎన్నాళ్ల నుంచి తెలుసో! అరవాలో, దగ్గరికి తీసుకోవాలో తోచలేదు. గోదావరి దాటాక రోడ్డు పక్కన రైలు ఒకటి మాతో పాటు పరుగెత్తింది. కిటికీలన్నిటా మనుషులు. ఒక పిల్ల మాకేసి చెయ్యి ఊపుతోంది. నేను తల తిప్పుకున్నాను.

డాక్టరమ్మ పుస్తకం తెరిచింది. అందులోనూ అవే చుక్కలు. వాడు పేజీ పూర్తిగా తిరగకముందే గడగడా చెప్పేస్తున్నాడు. ఒక్కటీ తప్పలేదు. "శభాష్" అని ఆవిడ నవ్వుతూ పెన్ను మూత తీసింది. ఆ ఒక్క సంతకంతో మా ఇంట్లో అందరూ సంతోషంగా ఉంటారు. నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకోవడం నాకు కొత్త కూడా కాదు.

"మేడం, పుస్తకం ఎనుకనుంచి తిప్పుండ్రి" అన్నాను.

వాడు నావైపు తిరిగాడు. "అమ్మా" అన్నాడు, అంతే.

ఆవిడ నన్నూ వాణ్నీ మార్చి మార్చి చూసి, మధ్యలో ఎక్కడో ఒక పేజీ తీసింది. వాడు చాలాసేపు చూశాడు. మెడ మీద చెమట పట్టింది. "ఇరవై ఒకటి" అన్నాడు చివరికి. నాకు స్పష్టంగా డెబ్భై నాలుగు కనిపిస్తోంది. ఆవిడ పెన్నుకు మూత పెట్టేసి, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగింది.

"మా తాతకున్నది. నా నుంచే వచ్చింది వీనికి" అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట బయటకు అనడం అదే మొదటిసారి.

బస్టాండులో బెంచీ మీద నాకు దూరంగా కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. మా ఊరి వైపు వెళ్లే మంచిర్యాల బస్సు వచ్చింది, పోయింది. వాడు లేవలేదు.

"ఎప్పటిసంది ఎరుక నీకు?" అన్నాడు.

"నువ్వు ఒకటో తరగతిల ఉన్నప్పటిసంది."

వాడు మొహం రెండు చేతులతో కప్పుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. నేను జరిగి పక్కన కూర్చున్నాక, చేతుల్లోంచే అన్నాడు:

"నీకు తెలిస్తే బాధపడ్తవని ఇన్నేండ్లు నీకే కనిపియ్యకుండ దాస్కున్న గదమ్మా."